గోడ మొదట్లో పోసిన పాలు

పోయిన నెల మా పెరటి గోడ అవతలావిడ పోయింది. కబురు తెలియగానే వెళ్ళేను. ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నాను. కోటవురట్ల నుంచి వచ్చిన వాళ్ళ బంధువు ఒకావిడ నన్ను చూసి, "మీరు ఏటవుతారమ్మా?" అని అడిగింది.

"పక్కింటిదాన్ని" అన్నాను.

అది నిజమే. అయితే నేను ఆ ఇంటికి ఇంకొకటి కూడా కావలసింది. ఎందుకు కాలేదో ఇప్పటిదాకా ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు వెళ్ళిపోయేరు కనక రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. మేము అనకాపల్లిలో ఉండేవాళ్ళం. మా వారు హైస్కూల్లో టీచరు. ఆవిడ భర్త గిన్నెలకి కళాయి పోసేవాడు. ఊళ్ళో చాలామంది ఇత్తడి సామాను ఆయన చేతిమీదే తెల్లబడేది. వాళ్ళు ముస్లిములు, మేము కాదు. మా రెండు పెరళ్ళకీ మధ్య మట్టిగోడ, ఆ గోడకి ఒక చిన్న తలుపు ఉండేవి. ఆ తలుపు తీసుకుని ఆవిడ మా పెరట్లోకి వచ్చి, అరుగు కింద నిలబడి మాట్లాడేది. నాకంటే రెండేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది.

నా మొదటి పిల్లవాడు రెండో నెలలో విరేచనాలు పట్టుకుని పోయేడు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ పోయింది. అందుచేత ఆ పురుడు అత్తవారింట్లోనే జరిగింది. ఆడపిల్ల. మూడో రోజున పాలు పడ్డాయి.

ఆ పొద్దుట మా అత్తగారు దేవుడి దగ్గరున్న రాగి ఉద్ధరిణె పట్టుకొచ్చి, అందులోకి కొంచెం పాలు పిండమన్నారు. పిండేను. గోడ మీద పాకుతున్న నల్లచీమని ఒకదాన్ని కాగితం ముక్క మీదకి ఎక్కించి ఆ పాలలో వేసేరు. చీమ కాళ్ళు కొట్టుకుంది. తిరిగింది. కాసేపటికి కదలడం మానేసింది.

"చూసేవా" అన్నారు మా అత్తగారు. "చీడికాడలో మా అమ్మ ఇలాగే చూసేది. పాలు మంచివైతే చీమ బతికి గట్టెక్కుతుంది. ఆ పిల్లవాడు ఎందుకు పోయేడో ఇప్పుడు తెలిసింది."

నేను థర్డ్ ఫారం దాకా చదువుకున్నాను. మా వారు తెచ్చిన పుస్తకాలన్నీ చదివేదాన్ని. చీమని మంచినీళ్ళలో వేసినా చస్తుందని నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఎందుకు అనలేదంటే, భయం ఒకటి ఉంది. దానికంటే పెద్దది ఇంకొకటుంది. మొదటివాడికి జబ్బు ముదిరిన రోజున మధ్యాహ్నం నేను పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేను. లేచేసరికి వాడి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పాలే కారణమంటే ఇక ఎవరూ ఎత్తరు. పాలు చెడ్డవంటే అది నా ఒంట్లో ఉన్న దోషం, నేను చేసినది కాదు. ఆ ఉద్ధరిణె కేసి చూస్తూ నేను ఇదంతా ఆలోచించేను. అందుకని మా అత్తగారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆవిడ నిజంగా నమ్మేరు. మొదటి మనవడికి ఆవిడ ఏడ్చినంత నేను ఏడవలేదు.

మా వారు విశాఖపట్నం వెళ్ళి పాలసీసా తెచ్చేరు. పడవలా ఉండే గాజు సీసా, రెండు కొసలకీ రబ్బరు తొడుగులు. యుద్ధం మూలాన రబ్బరు దొరకడం లేదు, ఇవి పాడైతే మళ్ళీ రావని షాపువాడు చెప్పేడట. మా అత్తగారు ఆవుపాలలో బార్లీ నీళ్ళు కలిపి ఒళ్ళో పెట్టుకుని పట్టేవారు. పిల్ల బాగానే తాగింది. అది గుటకలు వేస్తుంటే నేను మంచం మీంచి చూసేదాన్ని. ఆ చప్పుడుకి నా పాలు చేపుకొచ్చేవి.

నాలుగో రోజుకి రొమ్ములు రాళ్ళయ్యేయి. చంకల దాకా గడ్డలు కట్టేయి. చేతులు కిందకి దించలేను, పక్కకి తిరిగి పడుకోలేను. జ్వరం వచ్చింది. మంత్రసాని వచ్చి చూసి, "అంతా పిండెయ్యకమ్మా, పిండితే మళ్ళీ ఊరతాయి. సలుపు తగ్గేదాకా కొంచెం తీసి ఒగ్గెయ్" అంది. మల్లెపూలు కట్టమని కూడా చెప్పింది. విడి మల్లెపూలు రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి గట్టిగా చుట్టి కడితే పాలు వెనక్కి పోతాయంది. పొద్దుట ఒకసారి, సాయంత్రం ఒకసారి పూలు మార్చాలి.

వైశాఖమాసం కనక పూలకి లోటు లేదు. పూలు తెచ్చే మనిషికి మాత్రం ఇదేమిటో అర్థం కాలేదు.

"పూటకి రెండు సోలల విడిపూలేటమ్మా? దేవుడికా, కోడలికా?" అని వీధి అరుగు మీంచి అడుగుతుంటే లోపలికి వినిపించేది.

"దేవుడికే. నువ్వు సోల నిండా కొలు."

"ఏ దేవుడమ్మా ఆడు, ఇంత వాసనంటే పడిసచ్చేవోడు? మా ఈదిలో లేడే."

మా అత్తగారు పూలు తీసుకుని లోపలికి వచ్చేసేవారు. నా పాల సంగతి గడప దాటకూడదని ఇంట్లో అనుకున్నాం. ఎవరైనా అడిగితే పురిట్లో జ్వరం, అందుకే సీసా అని చెప్పాలి. నేనూ దానికి ఒప్పుకున్నాను.

పిండిన పాలు తొక్కే చోట పొయ్యకూడదని, పొయ్యి దగ్గర అసలే పొయ్యకూడదని మా అత్తగారు చెప్పేరు. గిన్నెలోకి తీసి, పెరట్లోకి వెళ్ళి, గోడ మొదట్లో పోసేదాన్ని. రెండు రోజులయ్యేసరికి అక్కడ చీమలు బారు కట్టేయి. పాలు ఇంకిన మట్టి మీద తిరుగుతున్నాయి, వెళ్తున్నాయి, మళ్ళీ వస్తున్నాయి. ఒక్కటీ చావలేదు. నేను నిలబడి చూసేను. చూసి, గిన్నె కడుక్కుని లోపలికి వచ్చేను. ఎవరితోనూ చెప్పలేదు.

అవతలావిడకి నా తరవాత వారం రోజులకి మగపిల్లవాడు పుట్టేడు. వాడి ఏడుపు గోడ మీంచి వినపడేది. మొదట గట్టిగా ఉండేది. ఐదో రోజుకి సన్నబడింది.

ఆ పొద్దుట మా అత్తగారు ఆవు దగ్గరున్నారు. నేను పెరటి గుమ్మంలో కూర్చుని ఉన్నాను. గోడ తలుపు తెరుచుకుని ఆవిడ వచ్చింది. వాళ్ళలో పురిటాలు నలభై రోజులు గడప దాటదు. తలకి గుడ్డ చుట్టుకుని, పిల్లవాణ్ణి పొట్టకి ఆనించుకుని, గోడ పట్టుకుంటూ వచ్చింది.

"అక్కా, నాకు పాలు పడలేదు" అంది. "మేకపాలు గుడ్డ వత్తితో పడతన్నాను. కక్కేత్తన్నాడు. నిన్నటేల నుంచి కళ్ళు తెరవట్లేదు."

నేను వాడి మొహం కేసి చూసేను.

"పాపకి సీసా పడతన్నారట గదా. పూలావిడ సెప్పింది. గోడ కాడ సీమల్ని నేనూ సూసేను. ఊరికే పారబోత్తన్నావు గదా అక్కా, రోజుకి రెండుసార్లు ఇయ్యి. మీవోళ్ళకి తెలీకుండా వత్తాను. నాలుగు రోజులు ఆగితే మా అప్ప వత్తాది, దానికి సంటిపిల్ల ఉంది." కాస్త ఆగి, "మాలో పాలిచ్చినామె కూడా తల్లే. ఈడు నీ కొడుకైపోతాడు. మీ పాప ఈడికి అప్ప" అంది.

అంతలో వాడు కదిలి ఏడ్చేడు. ఏడుపని కూడా అనలేను, పిల్లికూన చప్పుడులా ఉంది. అయినా నా ఒంటికి అది చాలింది. పాలు చేపి, పూలలోంచి, చుట్టిన గుడ్డలోంచి, రవికలోంచి దిగి చీర తడిసింది. నేను పైట లాక్కున్నాను. ఆవిడ చూసింది. చూసి, చేతులు కొంచెం ముందుకి చాపింది, పిల్లవాణ్ణి అందించడానికి.

నాకు అప్పుడు రెండు దారులున్నాయి. నా పాలు చెడ్డవని మావాళ్ళు అంటున్నారు, నీ ఇష్టం అని చెప్పొచ్చు. లేదా ఏమీ చెప్పకుండా చేతులు చాపొచ్చు. మొదటిది చెబితే నా మొదటి పిల్లవాడి సంగతి బయటికి వస్తుంది. రెండోది చేస్తే, చేస్తుండగా మా అత్తగారు చూస్తారు.

"మా అత్తగారు ఒప్పుకోరు" అన్నాను.

"మేం సాయిబులమనా?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోడానికి అడిగినట్టే అడిగింది.

నేను తల దించుకున్నాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడ అవునని తీసుకుంది. నాకు కావలసిందీ అదే.

"నిజమేలే. ఇంట్లో పెద్దోళ్ళున్నారు. నేను అడక్కూడదు" అంది. వచ్చినట్టే గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తరవాత మూడు రోజులు వాడి ఏడుపు వినపడింది. విన్నప్పుడల్లా నా రవిక తడిసేది. సలుపు తట్టుకోలేక పిండుకుని, గోడ మొదట్లో పోయడానికి సిగ్గుపడి, గిన్నె చీర కింద దాచి తీసుకెళ్ళి పాదులో పోసేదాన్ని. నాలుగో రోజున ఏడుపు లేదు. పొద్దున్న లేదు, మధ్యాహ్నం లేదు. నేను చెవులు అటే పెట్టుకుని పడుకున్నాను. పోయేడనుకున్నాను. అలా అనుకున్నప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు. ఇంక వినక్కర్లేదు, ఇంక ఒళ్ళు తడవదు అన్న తెరిపి. ఆ తెరిపి ఎంతసేపుందో నాకు గుర్తులేదు. ఉందన్నది మాత్రం గుర్తుంది.

సాయంత్రం మా అత్తగారు, "కళాయి ఆయన పెళ్ళాన్నీ పిల్లాణ్ణీ బండి మీద కోటవురట్ల తీసుకుపోయేడట. అక్కడ ఆవిడ అక్కకి చంటిపిల్ల ఉందట" అని చెప్పేరు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

నా పాలు ఇంకో వారానికి ఎండిపోయేయి.

మూడు నెలల తరవాత ఆవిడ తిరిగొచ్చింది. వాడు బతికేడు, కానీ తొడల మీద చర్మం వేలాడుతుండేది. రెండో ఏడు దాటేదాకా నడవలేదు. ఆవిడ నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. గోడ తలుపు తీసుకుని వచ్చేది, అరుగు కింద నిలబడేది. మా పాపకి పౌడరు ఎక్కువైందని ఎగతాళి చేసేది. ఆ విషయం ఎత్తనే లేదు. క్షమించిందని నేను ధైర్యం తెచ్చుకున్నాను. అడగకుండా దొరికిన క్షమని హాయిగా వాడుకున్నాను.

మూడేళ్ళకి మా అత్తగారు పోయేరు. ఆ మరుసటి ఏడు నాకు ఇంకో పిల్లవాడు పుట్టేడు. ఉద్ధరిణె తెచ్చేవాళ్ళు లేరు. మొదటి గంటలోనే రొమ్ముకి ఆనించుకున్నాను. దానికి ధైర్యం అక్కర్లేకపోయింది, అడ్డుచెప్పే మనిషి లేకపోవడమే చాలింది. వాడు తాగేడు, పెరిగేడు, ఏమీ కాలేదు.

ఒకరోజు పెరటి గుమ్మంలో కూర్చుని వాడికి పాలిస్తుంటే ఆవిడ వచ్చింది. వెనకాల ఆమె కొడుకు, సన్నటి కాళ్ళతో. అరుగు కింద నిలబడి మావాణ్ణి చూసింది.

"ఈడికి సీసా లేదా అక్కా?"

"లేదు."

ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడం నేను భరించలేకపోయేను. మొత్తం చెప్పేశాను. ఉద్ధరిణె, చీమ, మొదటి పిల్లవాడు, నేను నిద్రపోయిన మధ్యాహ్నం. మతం కాదు, మేము అలా అనుకోలేదు, నా పాలు విషమని ఇంట్లో అన్నారు, అది నీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను అన్నాను. ఇది వింటే ఆవిడ మనసు తేలికపడుతుందని నిజంగానే అనుకున్నాను.

ఆవిడ కొడుకుని దగ్గరికి లాక్కుంది. ఆఖరికి, "మతమంటే నీ సేతిలో లేదు గదా అని సరిపెట్టుకున్నానక్కా, ఇన్నాళ్ళూ. ఎవరి ఆసారం ఆళ్ళది అనుకున్నాను" అంది. తరవాత, "విసమని నువ్వు నమ్మేవా?" అని అడిగింది.

నమ్మేను అంటే సరిపోయేది. నా బిడ్డకి పనికిరానిది నీ బిడ్డకి ఎలా ఇస్తాను అనొచ్చు. అది మంచితనంలాగే కనిపించేది. కానీ ఆవిడ నా మొహం కేసే చూస్తోంది.

"నమ్మలేదు" అన్నాను.

"మరి?"

ఒళ్ళో మావాడు తాగుతూనే ఉన్నాడు. ఆవిడ కాసేపు నిలబడి, కొడుకు చెయ్యి పట్టుకుని, "పొయ్యి మీద కూడు పెట్టొచ్చేను" అని వెళ్ళింది.

మాటలు మానలేదు. పండక్కి సేమియా పంపేది. నాకు జబ్బు చేస్తే వచ్చి చూసేది. వాళ్ళ అబ్బాయి పెళ్ళికి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టింది. అయితే ఆ రోజు తరవాత ఆవిడ ఎప్పుడు మా ఇంటికి వచ్చినా వీధి తలుపు తట్టి వచ్చేది. లోపల్నుంచి నేను రమ్మనేదాకా గుమ్మంలోనే నిలబడేది.