మొదటి పాఠం మళ్లీ చదివిన రోజు

మా పిన్నిని ఆ రికార్డింగ్ గదిలో అందరూ దగ్గు పోలీసు అనేవారు. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివించి టేపు మీదికి ఎక్కించడం ఆమె ఉద్యోగం. చదివేవాళ్లు గొంతు సవరించుకున్నా, పేజీ గరగరలాడినా మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆమె కింద టేపులకు కాపీలు తీసే పని నాది. నన్ను తుమ్మనిచ్చేది కాదు, మహాతల్లి!

ఇరవై ఏళ్లు క్యాసెట్ల మీద పనిచేసిన చెయ్యి ఆమెది. క్యాసెట్‌లో అయితే గొంతు ఎంత గట్టిగా ఎక్కుతోందో చూపే మీటరు ముల్లు అప్పుడప్పుడూ ఎరుపును తాకాలి, లేకపోతే వెనక బుస్సుమనే రొద పైకి తేలుతుంది. కొత్తగా వచ్చిన డిజిటల్ టేప్ డెక్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మీటరు సున్నా గీత దాటి ఎర్రదీపం వెలిగిందా, గొంతు పగిలి పటపటమంటుంది. ఆ సంగతి పిన్నికి ముందే చెప్పారు. బుద్ధిగా తలూపింది కూడా. కానీ చెయ్యి వింటేగా!

ఆ డెక్ మీద మొదటి రోజు లెక్కల మాస్టారు మొదటి పాఠం చదివారు. హెడ్‌ఫోన్లు రిపేరులో ఉన్నాయి. ఎర్రదీపం వెలిగినప్పుడల్లా భేషుగ్గా వస్తోందని పిన్ని మురిసిపోయింది. మర్నాడు హెడ్‌ఫోన్లు వచ్చాక రెండో పాఠం మొదట్లోనే ఆ పటపట విని, నాలుక కరుచుకుని రికార్డింగ్ లెవెల్ బాగా తగ్గించింది. ఆ తర్వాతి పాఠాలన్నీ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. మొదటి టేపును మాత్రం వెనక్కి తిప్పి వినలేదు. అందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషి అలా ఎలా మరిచిందో నాకిప్పటికీ అర్థం కాదు.

మాస్టారికి గొంతులో గడ్డ. సోమవారం ఆపరేషన్. తర్వాత మాట వస్తుందన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పేశాడు. ఆలోగా పుస్తకం మొత్తం తన గొంతుతోనే పూర్తికావాలని ఆయన పంతం. శుక్రవారం చివరిదైన పన్నెండో పాఠం ముగించి, తృప్తిగా ఇంటికి వెళ్లారు.

శనివారం పొద్దున కాపీలు తీద్దామని మొదటి టేపు పెట్టాం. మాస్టారికి అంకె వస్తే ఒత్తి పలకడం అలవాటు. సరిగ్గా ఆ ఒత్తిన చోటల్లా పటపట! అన్నీ వినిపిస్తున్నాయి, అంకెలు తప్ప. లెక్కల పాఠంలో ఇంకేం మిగిలినట్టు?

పిన్ని ముఖం పాలిపోయింది. ఆయనకు చెప్పొద్దు, ఈ ఒక్క పాఠం ఇంకెవరితోనైనా చదివిద్దాం అన్నాను నేను. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుందని వాదించాను కూడా.

"అంతా నేనే చదివాననుకుంటూ ఆయన ఆపరేషన్‌కి వెళ్లాలా? తప్పు నాది. నేనే వెళ్లి చెప్తా" అంది.

నాకు ఒళ్లు మండింది. రోగిష్టి మనిషిని ఇంకా పీడించడమేమిటని గొణుక్కున్నాను. గంట తిరిగేసరికి మాస్టారు మెడకు మఫ్లర్ చుట్టుకుని ఆమె వెనకాలే వచ్చారు. చూస్తే నవ్వుతున్నారు!

"నాతో పేజీకి పదిసార్లు చదివించావు కదమ్మా. ఇప్పటికి దొరికావు" అన్నారు.

గొంతు బాగా సన్నబడింది. పిన్ని మైకు జానెడు దగ్గరికి జరిపి, పాఠంలోని పెద్ద అంకెను ఆయనతో ఒత్తి పలికించి, అది సున్నాకు చాలా కిందే ఉండేలా లెవెల్ పెట్టింది. అరపేజీకోసారి మంచినీళ్లిచ్చింది. మధ్యలో ఆయన నాలుగుసార్లు దగ్గారు. పిన్ని ఒక్కసారి కూడా ఆపలేదు. కళ్లు మీటరు మీదే ఉన్నాయి, చెంపలు తడిసిపోయాయి. నాకూ దుఃఖం ఆగలేదు.

పాఠం అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది.

"పిల్లలకు అర్థమవుతుందంటావా అమ్మా?" అని మాస్టారు అడిగారు.

"అవుతుంది మాస్టారూ" అంది పిన్ని.

మాస్టారు బతికి బయటపడ్డారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. టేపు చివర పడిన ఆ ప్రశ్నా జవాబూ తీసేయమని పైవాళ్లు అడిగితే పిన్ని ససేమిరా అంది. ఏటా కొత్త పిల్లలు ఆ పాఠంతోనే లెక్కలు మొదలుపెడతారు. ఎవరిచేతో రాయించి కార్డులు పంపుతారు: "అర్థమైంది మాస్టారూ." పిన్ని వాటిని ఆయన ఇంటికి పట్టుకెళ్లి, పక్కన కూర్చుని, ఒక్కటీ వదలకుండా చదివి వినిపిస్తుంది.