సూగప్పకు మిగిలిన మాట

పక్షవాతం వచ్చిన తర్వాత సూగప్పకు ఒక్క మాట మిగిలింది. హౌ.

ఔననడానికి రాయచూరులో అందరి నోటా వినపడే మాటే. ఇరవై రెండేళ్లు అతను ఆ మాట మీదే బతికాడు. బస్టాండు బయట బండి ఆపుకుని నిలబడితే, "మల్లట్ పోతదా?" అని అడిగేవాళ్లు. హౌ. "ఇంకొకరికి జాగ ఉందా?" హౌ. జాగ లేకపోయినా హౌ. ఇప్పుడు కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడుస్తుంది. రాయబోతే అక్షరాలు రావు. కాదు అందామని నోరు తెరిచినా హౌ అనే వస్తుంది. తల అడ్డంగా ఊపబోతే అదీ నిలువుగానే ఊగుతుంది.

బండి తొమ్మిది మంది కూర్చునేది. మీటరు ఏడు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు కొడుకు నిఖిలేశ్ నడుపుతున్నాడు. పొద్దున టీచర్లను మల్లట్ బడికి తీసుకుపోతాడు, సాయంత్రం తీసుకొస్తాడు. ఇంట్లో ఉంచితే తండ్రి గోడ వైపు తిరిగి పడుకుంటాడని, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోతాడు.

దసరా సెలవుల తర్వాత మోత మొదలైంది. బండి నలభై దాటగానే కింద ఎక్కడో తేనెతుట్టె కదిలినట్టుండేది. అరవైకి వచ్చేసరికి టీచర్లు మాటలు ఆపేసేవాళ్లు.

"నిఖిలేశ్, కొత్త బండి తెస్తవా, లేకుంటే మేం వేరే చూసుకోవాల్నా?" అంది సుమంగళ టీచర్ ఒకరోజు. "పానం అరచేతుల పెట్టుకుని ఎన్ని దినాలు కూసోవాలె?"

సూగప్ప వింటున్నాడు. కుడి మలుపులో మోత పెరిగింది. ఎడమ మలుపులో తగ్గింది. అయితే వెనక ఎడమ చక్రం. బేరింగు. ఇన్నేళ్లలో నాలుగుసార్లు మార్పించాడు. గంట పని.

ఎడమ చేత్తో తలుపు కొట్టాడు. వేలితో వెనక్కి చూపించాడు.

"ఏంది నాయనా, అద్దం దించాల్నా?"

"హౌ."

అద్దం దిగింది. మోత ఇంకా స్పష్టంగా వినపడింది. మళ్లీ వెనక్కి చూపించాడు.

"ఇంటికి పోవాల్నా?"

సూగప్ప ఊపిరి కూడగట్టుకున్నాడు.

"హౌ."

టీచర్లను బడి దగ్గర దించి, నిఖిలేశ్ చాయ్ కూడా తాగకుండా బండి ఇంటికి తిప్పాడు.

మెకానిక్ మౌనేశ్ ఈ బండిని పదిహేనేళ్లుగా ఎరుగును. ఈసారి అతని చెవి తప్పింది. గేర్‌బాక్సు పోయిందన్నాడు.

"బిడు నిఖిలేశ్, ఇడిసిపెట్టు. అమ్మేయ్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఇయ్యాల గేర్‌బాక్సు ఇప్పితే రేపు ఇంజన్ అంటది. ముసలిదాన్ని దవాఖాన్ల ఏసి ఎన్ని దినాలు కాస్తవు?" అంతలో సీట్లో ఉన్న సూగప్ప కనపడ్డాడు. "నిన్ను కాదన్నా. బండిని అంటున్న."

"హౌ," అన్నాడు సూగప్ప.

కర్ర పట్టుకుని దిగాడు. బండి చుట్టూ తిరిగి వెనక ఎడమ చక్రం దగ్గర నిలబడ్డాడు. ఆనుకుని, టైరును అరచేత్తో కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.

"టైరు కొత్తదే కదన్నా," అన్నాడు మౌనేశ్. "గాలి గూడ మంచిగనే ఉంది."

కర్రతో కొట్టాడు. నిఖిలేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చి తండ్రి భుజం పట్టుకున్నాడు.

"నాకు తెల్వదా నాయనా? నీకు దాని మీద పానం."

సూగప్ప తల ఊపాడు. నిలువుగా.

బండిని పట్టుకుని ఏడ్చాడని భార్య అంబమ్మ పక్కింటివాళ్లకు చెప్పింది. అతను ఏడవలేదు. కానీ ఆమె మాట నలుగురిలో నిలిచింది. ఆ తర్వాత అతను చక్రం దాకా పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, వీపు నిమిరి, ఓదార్చి, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు.

ఒక మధ్యాహ్నం నిఖిలేశ్ మంచం పక్కన గొంతుకూర్చున్నాడు.

"అమ్ముదునా నాయనా? నువ్వు అంటేనే అమ్ముత."

సూగప్ప నోరు మూసుకున్నాడు. పళ్లు బిగించాడు. ఉన్న ఆ ఒక్క మాటనూ లోపలే పట్టుకున్నాడు. పెదవి మూల నుంచి చొంగ కారింది. అంబమ్మ కొంగుతో తుడిచి, గడ్డం పట్టుకుంది.

"చెప్పయ్యా. పిల్లగాడు అడుగుతున్నడు గద."

ఆ మాట వచ్చేసింది.

ఆదివారం యరగేర నుంచి దుర్గప్ప వచ్చాడు. మిరపకాయ మూటలకు బండి కావాలన్నాడు. ఒక్కడే తీసుకుపోయి, ఊరి బయటి దాకా నడిపి వచ్చాడు. ఏమీ అనలేదు. కాగితాల మీద సంతకాలయ్యాయి. అంబమ్మ బండి ముందు కొబ్బరికాయ కొట్టబోయి, అమ్మిన బండికి కొడతారో కొట్టరో తెలియక, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

దుర్గప్ప తాళం తిప్పి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"బండి గట్టిగుంది తమ్మీ. ఎనక ఎడమ చక్రంల బేరింగు పోయింది, గంతే. సాయంత్రానికి కొత్తది ఏపిస్త."

నిఖిలేశ్ ఏదో అనబోయాడు. బండి కదిలింది.

అంబమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. కొబ్బరికాయ ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమయ్యా, నువ్వు చెప్పింది గదేనా?"

"హౌ."

బండి గల్లీ చివర కుడికి తిరిగింది. నలభై దాటితే గాని మోత రాదు. అప్పటికి అది యరగేర రోడ్డు మీద ఉంటుంది. ఇక్కడికి వినపడదు. అయినా సూగప్ప చెవి అటే పెట్టి కూర్చున్నాడు.