ఏం తిన్నావని ఎముకను అడిగిన మా మేడం

మొన్న ఉదయం మా మేడం కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా. రాత్రి అన్నం తిని పడుకుంది, పొద్దున లేవలేదు," అంది. ఏడుపు కంటే ముందు నాలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. హమ్మయ్య, బాధపడకుండా వెళ్ళారు, పని ముగించుకొని వెళ్ళారు అనిపించింది. తప్పుగా అనుకోకండి. కిందటి ఏడాదంతా, ఆ పని సగంలో ఉండగా ఆమెకేమైనా అవుతుందేమోనని భయపడుతూనే ఉన్నాను.

మేడం నాకు ఎం.ఏ.లో పురావస్తు శాస్త్రం చెప్పారు. నేను నెల్లూరులో లెక్చరర్‌నయ్యాక కూడా సెలవులొస్తే ఆమె దగ్గరికే పరుగెత్తేదాన్ని. ఎవరు ఎదురైనా "బాగున్నావా" అనేవారు కాదు. "ఏం తిన్నావు?" అనేవారు. ఆమె చదువూ అదే. ఎప్పుడో చనిపోయిన మనుషులు ఏం తిని బతికారో వాళ్ళ ఎముకలను బట్టి తెలుసుకోవడం. ఎముకను ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేవారు. "మన మురికి వాళ్ళకు అంటకూడదు," అనేవారు.

అల్లూరు దాటి సముద్రం వైపు వెళితే చేపలు పట్టి బతికే ఒక చిన్న పాళెం ఉంది. అక్కడ ఒక అవ్వ కొడుకు రొయ్యల గుంట తవ్విస్తుంటే పెద్ద మట్టికాగు బయటపడింది. అందులో మనిషి ఎముకలు. అధికారుల అనుమతితో మేడం నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి చూశారు. చాలా పాతకాలపు సమాధి. వయసులో ఉన్న ఆడమనిషి.

అవ్వ ఆ కాగు పక్కనే కూర్చుని ఉంది. "వీటిని మళ్ళా మట్టిలో పెట్టిందాకా నాకు ముద్ద దిగదు మేడమ్మా," అంది.

"అన్నీ తెచ్చి ఇస్తానమ్మా. ఒక పన్ను, ఒక పక్కటెముక ముక్క మాత్రం తిరిగి రావు. వాటిని యాసిడ్‌లో కరిగించాలి. అబద్ధం చెప్పి తీసుకోలేను," అన్నారు మేడం.

ఆ మాటతో పని చెడిందనుకున్నాను.

"కరగబెట్టి ఏం జూస్తారు?"

"ఏం తిని బతికిందో చూస్తాం."

అవ్వ కాగు అంచుకంటిన మట్టిని వేలితో తుడిచింది. "వయసు బిడ్డంటుండారు గదా. నా చెల్లెలు తిండి లేకనే పోయింది. ఈ బిడ్డ గూడా ఆకలికి సచ్చిందేమో తెలస్తాదా?"

"చావు సంగతి చెప్పలేనమ్మా. బతికినన్నాళ్ళు ఏం తిన్నదో చెప్పగలను. అదీ ఎముకలో ప్రోటీన్ మిగిలి ఉంటేనే."

"సరే, తీసకపో," అంది అవ్వ.

మేడం ఈ సంగతి ఎవరికైనా ఇలాగే విడమరిచేవారు. మనం తినేదే మన ఒళ్ళవుతుంది. తిండిలోని కార్బన్‌లో మామూలుదీ, కాస్త బరువైనదీ ఉంటాయి. నైట్రోజన్‌లోనూ అంతే. వరి తిన్నవాళ్ళ కంటే జొన్న, సజ్జ తిన్నవాళ్ళ ఒంట్లో బరువైన కార్బన్ ఎక్కువ చేరుతుంది. సముద్రపు చేప తింటే బరువైన నైట్రోజన్ కూడా బాగా పెరుగుతుంది. పళ్ళు చిన్నప్పుడు తయారై అలాగే ఉండిపోతాయి. ఎముక మాత్రం బతికినంత కాలం కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది, అందుకే పెద్దయ్యాక తిన్నది అందులో తెలుస్తుంది.

పరీక్షలో పన్ను పలికింది. పక్కటెముక పలకలేదు. ఉప్పునేల, వేడి, తేమ కలిసి అందులోని ప్రోటీన్‌ను తినేశాయి. అప్పటికే మేడం గుండె బలహీనపడింది, ప్రయాణాలు వద్దన్నారు డాక్టర్లు. "ఫోన్లో చెబుదాం మేడం," అన్నాను.

"తీసుకునేటప్పుడు ఎదురుగా కూర్చుని తీసుకున్నాం. పోగొట్టాక ఫోన్లో చెబుతామా?" అని కారెక్కారు.

అవ్వ ముందు కూర్చుని చెప్పారు. "ఎముక ముక్క వృథా అయిందమ్మా. పన్ను మాత్రం చెప్పింది. చిన్నప్పుడు జొన్నలో సజ్జలో తిన్నది. చేప తిన్న జాడ లేదు. మెట్ట ప్రాంతంలో పెరిగిన పిల్లయి ఉండొచ్చు."

కోప్పడుతుందనుకున్న అవ్వ ముందుకు వంగింది. "అయితే యాడనించో వొచ్చి మా ఇసకలో పండుకోనుండాది. వొచ్చినాక దానికి కడుపుకు పెట్టినారో లేదో తెలవద్దా? ఇంకో ముక్క తీసుకో మేడమ్మా."

ఈసారి గట్టిగా ఉండే తొడ ఎముకలోంచి ముక్క తీసి పరీక్షకు పంపాం. ఆ తర్వాతి నెలలు కష్టంగా గడిచాయి. మేడం ఆసుపత్రికి వెళ్ళడం, రావడం. మిగతా ఎముకల పెట్టె ఆమె గదిలోనే ఉంది. "నేను పోతే అది ఏ గోదాములోనో పడుతుంది. మాట నువ్వు నిలబెట్టాలి," అన్నారు ఒకరోజు. సరేనన్నాను.

ఫలితం వచ్చిన రోజు ఆమె మంచం పక్కన కూర్చుని చదివాను. ప్రోటీన్ ఉంది. బరువైన కార్బన్ ఉంది, బరువైన నైట్రోజన్ బాగా ఉంది. మళ్ళీ చదవమన్నారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు మూసుకున్నారు. "సముద్రపు చేప. ఎప్పుడో ఒకసారి తింటే ఇలా రాదు. ఏళ్ళ తరబడి తిన్నది," అన్నారు. ఆమె ముఖంలో అంత తేలిక నేనెన్నడూ చూడలేదు.

అధికారులు ఒప్పుకున్నాక పెట్టె తీసుకొని వెళ్ళాం. విషయం విని అవ్వ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "పెట్టినారా!" అంది. తర్వాత గుంట దగ్గరున్న వాళ్ళందరి వైపూ తిరిగి, "విన్నారా, పెట్టినారంట! మావోళ్ళు పెట్టినారంట!" అని కేకేసింది.

"వాళ్ళు మీవాళ్ళేనని ఈ పరీక్ష చెప్పదమ్మా," అన్నారు మేడం.

"నువ్వు జెప్పబాకలే. నేను జెప్పుకుంటా," అంది అవ్వ.

మేడం పకపకా నవ్వారు.

రొయ్యల గుంట గట్టు అవతల గొయ్యి తీసి ఎముకలను పూడ్చాం. అవ్వ జొన్న సంకటి, కవళ్ళ చేపల పులుసు వండి తెచ్చింది. మొదటి ముద్ద ఆ మట్టి మీద పెట్టి, మిగతాది మాకు వడ్డించింది. ఉప్పుకారాలు తగ్గించమన్న డాక్టరు మాట ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. మేడం గట్టు మీద కాళ్ళు చాపుకొని, మోచేతి దాకా పులుసు కారుతుంటే ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు. పంటి సందులో చేపముల్లు ఇరుక్కుంటే మెల్లగా లాగి, వేలి కొనన పెట్టుకొని కాసేపు ఎండకేసి చూశారు. తర్వాత సముద్రపు గాలి దాన్ని ఎగరేసుకుపోతే, చెయ్యి అలాగే చాచి కూర్చుండిపోయారు.