సోమవారం హాజరు

ఎండాకాలం క్లాసులకు వచ్చేవాళ్లందరం అప్పటికే పల్లె బడుల్లో పాఠాలు చెబుతున్నవాళ్లం. విద్యా వాలంటీర్లమని పేరు. పక్కా ఉద్యోగం రావాలంటే బీఎడ్ కావాలి కనుక దూరవిద్యలో చేరాం. మే నెలలో ముప్పై రోజులు ఖమ్మంలో ఒక కాలేజీలో కూర్చుని తీరాలి. సెలవు పెట్టి అయినా సరే, మూడు రోజులకు మించి రాకపోతే పరీక్ష రాయనివ్వరు, వచ్చే ఎండాకాలం మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. మొదటిరోజే ఆ నిబంధనల కాగితం అందరికీ పంచారు. మిగతావాళ్లు దాంతో విసురుకున్నారు, నేను కంఠతా పట్టాను. అందుకే కాబోలు నన్ను లీడర్‌ను చేసి హాజరు రిజిస్టరు చేతిలో పెట్టారు.

ఆ రిజిస్టరంటే నాకు పిచ్చి, ఒప్పుకుంటాను. అందులో దిద్దుబాటు చేస్తే, చేసినవాడు కారణం రాసి కోఆర్డినేటర్ సారు చేత సంతకం పెట్టించుకోవాలి. రెండు వారాలు గడిచినా నా పుస్తకంలో ఒక్క గీటు లేదు. సారు దాన్ని పక్క సెక్షన్‌కు తీసుకెళ్లి చూపించి మరీ మెచ్చుకున్నాడు. పెనుబల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడిని, అంతవరకు ఎవరూ నన్ను దేనికీ అంతగా మెచ్చుకోలేదు. ఆ రోజు నేల మీద నడిచానా అంటే అనుమానమే.

నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడిది దమ్మపేట అవతల అడవిలో ఒక కోయగూడెం. నాకంటే నాలుగేళ్లు చిన్న, అన్నా అని పిలిచేవాడు. మెతక మనిషి. కూతురికి జ్వరమొస్తే దవాఖానాకు తీసుకెళ్లి అప్పటికే ఒక రోజు పోగొట్టుకున్నాడు. ఇక మిగిలినవి రెండు రోజులు. సరిగ్గా ఆ రెండు రోజులూ గూడెంలో విత్తనాల పండుగకు కావాలి.

ఆ పండుగ సంగతి అతనే చెప్పాడు. తొలకరికి ముందు ప్రతి ఇంటి మగమనిషీ తన ఇంటి విత్తనాలు గుప్పెడు తెస్తాడు. పూజారి అన్నీ ఒకచోట కలిపి, మళ్లీ అందరికీ పంచుతాడు. తేనివాడి ఇంటి విత్తనం కలవదు, కలవని విత్తనం ఆ ఏడు ఎవరూ చల్లరు. తండ్రి పోయాక ఆ ఇంట్లో మగమనిషి ఇతనొక్కడే.

సెలవు చీటీ రాసి తెచ్చాడు. తేదీ రాయాల్సిన చోట ఖాళీ. సారు తిప్పి పంపాడు. ఎప్పుడో చెప్పకుండా సెలవేమిటని నాకూ ఒళ్లు మండింది. పండుగ ఎప్పుడన్నది పూజారి ముందురోజు చెబుతాడట, అప్పటిదాకా ఎవరికీ తెలియదట. ఏదో ఒక తేదీ వెయ్యి తమ్మీ, కాగితానికి తేదీ లేకపోతే నడవదు అని నేనే దగ్గర కూర్చుని సోమవారం, మంగళవారం అని రాయించాను. సెలవు మంజూరైంది. శనివారం సాయంత్రమే ఆ రెండు గళ్లలో ఎర్ర సిరాతో సెలవు వేసేశాను. ముందే వేయమని నాకెవరూ చెప్పలేదు. నా అతి తెలివి.

సోమవారం పొద్దున చూస్తే మనిషి బెంచీలో ఉన్నాడు. కబురు ఇంకా రాలేదట. పేర్లు పిలుస్తూ అతని దగ్గరికొచ్చేసరికి ఎర్రగా కనబడింది, దాటేశాను. రేపు దిద్దుదాంలే అనుకున్నాను. మధ్యాహ్నం నా డబ్బాలోని పప్పన్నం ఇద్దరం తిన్నాం. మంగళవారం కూడా వచ్చాడు, మళ్లీ దాటేశాను. బుధవారం సాయంత్రం ఊరి నుంచి మనిషి రాగానే బస్సెక్కిపోయాడు. గురు, శుక్రవారాలు రాలేదు. ఆ రెండు గళ్లలో గైర్హాజరు వేయడానికి మాత్రం నా చేయి ఆగలేదు.

హాల్ టికెట్ల జాబితాలో అతని పేరు లేదు. లెక్క ప్రకారం ఐదు రోజులు రాలేదు. నిజానికి మూడే. ఇద్దరం సారు గదికి వెళ్లాం. చీటీలో రాసిన రోజులు కాకుండా వేరే రోజులు వెళ్లానని అతను చెప్పుకున్నాడు. సారు చెడ్డవాడు కాదు. రిజిస్టరు తెరిచి, నా వైపు తిరిగి, సోమ, మంగళవారాలు ఇతను క్లాసులో ఉన్నాడా లేడా అని అడిగాడు. ఉన్నాడు అంటే చాలు. అన్న వెంటనే, ఉన్నవాడికి సెలవెందుకు వేశావు, ఇన్నాళ్లూ ఎందుకు దిద్దలేదు అని రాసివ్వాల్సింది నేను.

"రిజిస్టర్ల ఉన్నదే సార్" అన్నాను.

సారు అతన్ని అడిగాడు. "ఏందయ్యా, వచ్చినవా, రాలేదా?"

అతను నా ముఖం చూశాడు. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

"రాలే సార్," అన్నాడు. "నేనే మర్శిపోయిన."

సారు రిజిస్టరు మూసేశాడు. బయటికొచ్చాక అతను చెప్పులు వేసుకుంటుంటే, ఎందుకట్ల చెప్పావని అడిగాను. అడగడానికైనా నాకు సిగ్గుండాల్సింది.

"మా ఇత్తనాలైతే కలిసినయన్నా," అన్నాడు. "నాకు మల్లా ఎండకాలం ఉంది. అందరి ముంగట నీ మాట పోతే ఎట్ల?"

సంచీ భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. సారు గది తలుపు ఇంకా తెరిచే ఉంది, మహా అయితే పది అడుగులు. నేను లోపలికి వెళ్లలేదు. నా హాల్ టికెట్ తీసుకుని రూముకు వెళ్లి చదువుకున్నాను.