సాక్ష్యం చెప్పాక మళ్లీ ఆసుపత్రికి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా! నేను జమ్మికుంటలో సంఘపెద్దను, ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి, ఎన్నో ఏళ్లుగా దినచర్య రాసుకునే అలవాటున్నవాణ్ణి గనుక జరిగినది జరిగిన వరుసలోనే చెబుతాను.

మా మనవరాలు కెజియాకు ఆరేళ్లప్పుడు జ్వరం పట్టుకుని విడవలేదు. కాళ్ల మీద నీలం మచ్చలు కనబడితే బడిలో పడి ఉంటుందిలే అనుకున్నాము, ముక్కు నుంచి రక్తం కారితే ఎండ దెబ్బ అనుకున్నాము, చివరికి కరీంనగర్ డాక్టరు రక్తపరీక్ష చూసి వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. బ్లడ్ క్యాన్సర్! పసిబిడ్డలకు ఆ జబ్బు వస్తుందని కూడా మాకు తెలియదు. "నేనేం పాపం జేసిన మామా?" అని మా కోడలు సునీత ఏడ్చింది.

అంత పెద్ద ఆసుపత్రిలో ఏ గదికి పోవాలో తెలియక నిలబడి ఉంటే దేవుడు సరళమ్మను పంపించాడు. ఆమెది కాగజ్‌నగర్. తన కొడుకు ఇదే జబ్బు నుంచి బయటపడ్డాక, అలాంటి తల్లిదండ్రులే కలిసి నడిపే సహాయ కేంద్రంలో పనిచేస్తోంది. మేము ఉండటానికి గది చూపించింది, డాక్టర్లు చెప్పినదంతా మాకు అర్థమయ్యేలా విడమరచింది. "నీ పాపం గాదమ్మా, అంటుకునేది గాదు. దీనికి మందున్నది" అని సునీత చెయ్యి పట్టుకుంది.

మొదటి విడత మందులకు కెజియా జుట్టంతా రాలిపోయింది, నోరు పూసి నీళ్లు కూడా మింగలేకపోయింది, నా కొడుకు సుధాకర్ చూడలేక వార్డు బయట గోడవైపు తిరిగి నిలబడేవాడు. అయినా రిపోర్టులో జబ్బు కనబడలేదని చెప్పారు. ఎంత సంతోషం!

మన సంఘాల వాడుక మీకు తెలుసు. స్వస్థత కలిగితే సంఘం ముందు సాక్ష్యం చెప్పి, కృతజ్ఞతా కూడిక జరిపి, అందరికీ భోజనం పెడతాము. మేమూ అలాగే చేశాము. అసలు భయం ఆ తరువాతే మొదలైంది! రెండో విడతకు రమ్మన్న రోజు వస్తే సుధాకర్ కదలలేదు.

"బాపూ, బాగైందని సంఘం ముందల నిలవడి చెప్పినం. మళ్ల దవాఖానకు పోతే అబద్ధమాడినట్టు గాదా? పిల్లను మళ్ల గా సూదులకు ఒప్పజెప్పుమంటవా?"

సంఘంలో పాటలు నడిపించే రూతమ్మ నవ్వుతూనే మాటతో పొడిచింది. "ఏంది పెద్దయ్యా, ఏసయ్య సగం జేసి సగం డాక్టర్లకు ఇడిసిండా?"

రమ్మన్న రోజు దాటిపోయింది. వాకిట్లో ఆడుతున్న కెజియా బుగ్గలు చూస్తే సుధాకర్ మాటే నిజమేమో అనిపించేది, మరుక్షణమే దగ్గరికి పిలిచి కాళ్ల మీద మచ్చలు మళ్లీ వచ్చాయేమోనని చూసేవాణ్ణి. అంతలో సరళమ్మ ఫోన్ చేసింది. రాని పిల్లల గురించి ఆరా తీయడం కూడా వాళ్ల పనేనట.

"బిడ్డను తోలుకరాలేదేంది పెద్దయ్యా?"

"మంచిగైంది గదమ్మా, కృతజ్ఞతా కూడిక గూడ చేసినం."

"మంచిగైంది, నేను కాదంటలేను. పత్తి చేన్ల కలుపు తీసినంక సాఫ్‌గనే కనవడ్తది, ఒక్క వాన వడితే? లోపల జబ్బు మిగిలి ఉంటది పెద్దయ్యా. గిప్పుడు ఆపితే మళ్ల వస్తది. వస్తే మొదటిసారి లెక్క మందుకు లొంగదు. మా పిలగాని పక్క మంచం పిల్లను గట్లనే ఇంటికి తోలుకపోయిన్రు."

ఆ పిల్ల ఏమైందో ఆమె చెప్పలేదు, నేను అడగలేకపోయాను.

ఈ మాటలు ఇంట్లో చెప్పగానే సునీత అక్కడే మోకాళ్ల మీద పడింది. "ప్రభువా, నువ్వు బాగుచేసినవ్, నేను అబద్ధమాడలే. మందు గూడ నువ్విచ్చిందే గద తండ్రీ! నలుగురు ఏమనుకుంటరో అని నా బిడ్డను సంపుకోనియ్యకు!"

సుధాకర్ లేచి సంచిలో కెజియా బట్టలు పెట్టడం మొదలుపెట్టాడు!

మరునాడు ఆదివారం. నేను సంఘంలో లేచి, "మా సాక్ష్యం అబద్ధం కాదు, కానీ ఇంకా పూర్తి కాలేదు. ఈ రోజే బిడ్డను మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోతున్నాము, ప్రార్థించండి" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు వెనక నుంచి రూతమ్మ గొంతు వినబడింది.

"తోడెవలు వోతున్నరు? సునీత ఒక్కతే ఎట్ల జేస్తది? ఆగుండ్రి, నేను చీరలు దెచ్చుకుంట."

చికిత్స ఏళ్ల తరబడి సాగింది. మధ్యలో జ్వరాలు వచ్చాయి, బిడ్డ చేజారిపోతుందేమోనని వణికిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు మందులు ముగిశాయి, పరీక్షలకు మాత్రం పోతూనే ఉన్నాము. కెజియా బడికి పోతోంది, రూతమ్మ దగ్గర పాటలు నేర్చుకుంటోంది. దేవునికే మహిమ!

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్న పసిబిడ్డ ఉంటే, దేవుణ్ణి నమ్మండి, నమ్మి చికిత్స చివరివరకూ చేయించండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే జమ్మికుంటకు రండి. మీతో కలిసి ప్రార్థన చేస్తాను, సరళమ్మతో మాట్లాడిస్తాను, బిడ్డను ఎత్తుకుని మీతో బస్సెక్కుతాను.