డ్రాగన్ పడవలో నా డోలు

మా పడవలో ఇరవై మంది ముందుకు చూస్తూ తెడ్లు వేస్తారు. చివర్లో నిలబడి పొడుగాటి తెడ్డుతో పడవను తిప్పేవాడూ ముందుకే చూస్తాడు. వెనక్కి తిరిగి కూర్చునేది నేనొక్కడినే. పడవ ముక్కు దగ్గర చిన్న పీట, నా కాళ్ళ మధ్య డోలు, ఎదురుగా రెండు వరసల్లో ఇరవై ముఖాలు. గెలుపు గీత ఎంత దూరంలో ఉందో నాకు కనపడదు. ఆ పీట దక్కింది నా గొప్పతనం వల్ల కాదు, పాడైపోయిన నా కుడి మోకాలి వల్ల.

అంతకు రెండేళ్ళ ముందు, మిలిటరీలో వీపు మీద బరువుతో పరిగెత్తే పరీక్షలో నా మోకాలు కలుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. పల్నాటోణ్ణి, మధ్యలో ఆగుతానా అనుకుని, పళ్ళు బిగబట్టి చివరిదాకా పరిగెత్తాను. ఆపరేషన్ చేసిన డాక్టరు, నొప్పి పుట్టినప్పుడే ఆగి ఉంటే ఇంత కోయాల్సి వచ్చేది కాదన్నాడు. తర్వాత నన్ను పరుగులకూ కవాతులకూ పనికిరానివాళ్ళ జాబితాలో వేశారు. స్టోరు గదిలో దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. నాకసలే ముక్కు మీద కోపం. ఆ కోపాన్ని చూపించడానికి దుప్పట్లు తప్ప ఎవరూ దొరకలేదు.

అలాంటి రోజుల్లో మా యూనిట్‌కు డ్రాగన్ పడవ వచ్చింది. పొడుగ్గా సన్నగా ఉండి, ముందు రంగులు పూసిన డ్రాగన్ తల ఉంటుంది. జట్టు కట్టమన్నారు. చేరినవాళ్ళలో సగం మందికి ఈత రాదు. మొదటి వారం పడవ ముందుకు పోవడం కంటే గుండ్రంగా తిరగడమే ఎక్కువ. నేర్పడానికి కేరళ నుంచి ఒక సుబేదారు సాబ్ వచ్చాడు. చిన్నప్పటి నుంచీ పడవ పందేల మధ్య పెరిగినవాడు. నా మోకాలు చూసి, నా గొంతు విని, నన్ను డోలు దగ్గర కూర్చోబెట్టాడు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో," అన్నాడు హిందీలో. "పడవను నడిపేది డోలు కాదు, ముందు కూర్చున్న జంట. వాళ్ళ తెడ్లు నీళ్ళలో పడ్డప్పుడే నీ కర్ర డోలు మీద పడాలి. వాళ్ళను చూసి నువ్వు కొట్టు. నిన్ను చూసి మిగతావాళ్ళు వేస్తారు."

అలాగే సాబ్ అన్నాను గానీ, లోపల ఒప్పుకోలేదు. డోలు చేతిలో ఉన్నవాడు ఇంకొకరిని చూసి కొట్టడమేమిటి? నేను బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఎడ్ల వెనక మనిషి అదిలిస్తేనే బండ కదులుతుంది.

మొదటి పోటీ మా సాగర్ జలాశయంలోనే అని తెలిసినప్పుడు ఎగిరి గంతేశాను. మోకాలు ఒప్పుకోలేదు గానీ, మనసైతే గంతేసింది. మాచర్ల దాటితే సాగర్, గురజాల దగ్గరి మా ఊరి నుంచి పొద్దున బయల్దేరితే పందెం వేళకు చేరుకోవచ్చు. నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. అయితే సంతోషంలో ఒక ముల్లు కూడా ఉంది. నాలుగు పడవల ఫైనల్‌కు చేరితేనే జట్టును ఉంచుతామన్నారు పైవాళ్ళు. చేరకపోతే పడవ ఇంకో యూనిట్‌కు పోతుంది, జట్టులోవాళ్ళు ఎవరి పనికి వాళ్ళు పోతారు. నాకు పోవడానికి దుప్పట్ల గది తప్ప ఇంకేముంది? నేను ఇంకా సైనికుణ్ణేనా కాదా అన్నది ఆ ఒక్క రోజుతో తేలిపోతుందనిపించింది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఒకప్పుడు ఆయన ఎడ్ల జత అంటే మా చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. నేను పదో తరగతిలో ఉండగా నకరికల్లు వైపు ఒక తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి జతను తోలుకెళ్ళాడు. ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతే గెలిచినట్టు. మా జత అందరికంటే ముందుంది. ఇంకా మూడు నిమిషాలుందనగా దాపట, అంటే ఎడమవైపు కట్టిన ఎద్దు అడుగు తడబడింది. జనం ఈలలు వేస్తున్నారు, కొట్టు కొట్టు అని అరుస్తున్నారు. నాన్న చెర్నాకోల కింద పడేసి, కాడి దించేశాడు. మైకులో ఏదో ఎగతాళి చేశారు. జనం నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను మాత్రం మధ్యలో దించేసేవాణ్ణి కాకూడదని అప్పుడే అనుకున్నాను. మిలిటరీలో చేరడానికీ, మోకాలు పోగొట్టుకోవడానికీ ఆ పట్టుదలే కారణం.

పోటీ రోజు నాన్న టాటా ఏస్‌లో దిగాడు. వెంట పక్కింటి బాబాయి, ఇంకో నలుగురు. నా డోలు చూడగానే బాబాయి మొదలుపెట్టాడు.

"ఏందిరా, ఇరవై మంది చెమటలు కక్కి తెడ్లేస్తంటే నువ్వు పీటేసుకొని కూకుంటావా? చానా కష్టమైన డ్యూటీ ఇచ్చార్రా నీకు!"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, తెడ్లు పట్టుకున్న మా వాళ్ళ భుజాల వంక చూశాడు. కొత్త జత కొనేటప్పుడు చూసినట్టే చూశాడు.

మొదటి పందెంలో నాలుగు పడవలు. విజిల్ పడగానే బాబాయి నవ్వు నా చెవుల్లో మోగింది. ఒడ్డు మీద నాన్న తెల్ల తువ్వాలు కనపడింది. ఇక నాకు సుబేదారూ లేడు, ముందు జంటా లేదు. డోలు బాదడం మొదలుపెట్టాను. హై, హై అని ఎడ్లను అదిలించినట్టు అరిచాను. ఎడమ వరసలో మూడోవాడి ముఖం వంకర్లు పోతోంది. అది చూసి ఇంకా గట్టిగా బాదాను. ముందు జంట ఒక లెక్కలో వేస్తున్నారు, వెనకవాళ్ళు నా డోలు లెక్కలో వేస్తున్నారు. తెడ్లు టకటకా ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మేం నీళ్ళను బాదుతూనే ఉన్నాం, మిగతా మూడు పడవలూ మమ్మల్ని దాటిపోయాయి. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. ఆ రోజు మాత్రం నిజంగానే తప్పు మద్దెలది.

ఓడిన పడవలకు ఇంకొక పందెం ఉంది. అందులో మొదట వచ్చిన ఒక్క పడవకే ఫైనల్‌లో చోటు. సుబేదారు సాబ్ నన్ను తిట్టలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. దూరంగా పోయి ఒక రాయి మీద కూర్చున్నాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎడమపక్క మూడోవాడు భుజం ఎత్తలేకపోతన్నాడు. చూళ్ళేదా?"

"చూశా."

"చూసి?"

నేను డోలు కర్రను రాయి మీద పెట్టాను.

"ఎడ్లు తోలేవాడికి వాటి వీపులే కనపడతయ్యిరా. నడక చూసి కనుక్కోవాలి మేం. నీకు మొహాలే కనపడతన్నయ్యి గదా. నిన్ను వాళ్ళకి ఎదురుగా కూకోబెట్టింది ఎందుకనుకున్నావు, అరవటానికా?"

అంత పెద్ద మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కోపం వచ్చింది. నిజం వింటే నాకు ముందు వచ్చేది కోపమే. అది తగ్గడానికి రెండు నిమిషాలు పట్టింది. లేచి మూడోవాడి దగ్గరికి వెళ్ళాను.

అతను కృష్ణా నది అవతలి ఒడ్డు వాడు, మిర్యాలగూడ వైపు. అతని ఇంటివాళ్ళూ చూడటానికి వచ్చారు. చొక్కా కింద భుజం వాచి ఉంది.

"ఏం కాలేదన్నా. నేనైతే దిగ," అన్నాడు. "మా అమ్మ చూస్తున్నది."

నేను ప్యాంటు పైకి లాగి మోకాలి మీది కోత చూపించాను. "నేనూ ఇదే మాట అనుకున్నా తమ్ముడూ. అందుకే ఈ పీట మీద కూర్చున్నా. నీకు ఇంకా తెడ్డు వేసే వయసుంది," అన్నాను. అతను ఆ కోత వంక చూసి, తెడ్డు నా చేతికిచ్చాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళూ మండాయి. సుబేదారు సాబ్‌కు చెప్పి, అతని చోట అదనంగా ఉన్న మనిషిని ఎక్కించాం. ఆ మనిషి మా మెస్‌లో వంటవాడు. పెద్ద గంగాళాల్లో పప్పు కలిపి కలిపి చేతులు ఉక్కులా ఉంటాయి గానీ, నీళ్ళంటే గుండె దడ.

రెండో పందెంలో నేను అరవలేదు. ముందు జంట తెడ్లనే చూశాను. అవి పడ్డప్పుడు కొట్టాను, అవి లేచినప్పుడు ఆగాను. ముఖాలు చూశాను. వంటవాడు ఊపిరి అందక తడబడితే, ముందు జంటకు కళ్ళతో సైగ చేశాను. వాళ్ళు నాలుగు తెడ్లు నెమ్మదిగా వేశారు, నా డోలూ వాళ్ళతోపాటే నెమ్మదించింది. పక్క పడవ ముక్కు నా కుడిచేతి వైపు కనపడింది. అయినా కర్ర తొందరపడలేదు. వంటవాడు లెక్క అందుకున్నాడు. ఇరవై తెడ్లు ఒక్కసారిగా నీళ్ళలో దిగిన చప్పుడు ఆ రోజు మొదటిసారి విన్నాను. పీట కింద పడవ లేచినట్టయింది. పక్క పడవ ముక్కు మెల్లగా వెనక్కి జరిగి, వాళ్ళ డోలువాడి వీపు నాకు కనపడింది. గీత దాటామని నాకు తెలియలేదు. ఎదురుగా ఇరవై ముఖాలూ ఒక్కసారిగా విచ్చుకుంటే అప్పుడు తెలిసింది.

ఫైనల్‌లో నాలుగో స్థానం వచ్చింది. నాలుగు పడవల్లో నాలుగో స్థానమంటే ఏమిటో మీకే తెలుసు. అయినా జట్టు నిలిచింది. ఒడ్డున భుజానికి కట్టుతో మూడోవాడు అందరికంటే గట్టిగా ఈల వేశాడు. సుబేదారు సాబ్ నా దగ్గరికొచ్చి, సోమవారం పొద్దున ఐదింటికి ప్రాక్టీసు అన్నాడు. అంతకంటే తియ్యటి మాట నేను మిలిటరీలో వినలేదు.

టాటా ఏస్ ఎక్కబోతున్న నాన్నను ఆపాను. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్న మాట బయటికొచ్చింది.

"నాన్నా, ఆ తిరునాళ్ళలో నువ్వు కాడి దించినందుకు నీతో మాట్లాడ్డం మానేశా. తప్పయింది."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆ ఎద్దు తర్వాత మన చేను తొమ్మిదేళ్ళు దున్నిందిరా," అన్నాడు. "ఆ రోజు పందెం ఎవరు గెలిచారో చెప్పు చూద్దాం."

ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.