పలికితేనే ఉన్నట్టు

మా పెద్దసారు పోయారని మొన్న తెల్లవారే గుంతకల్లు నుంచి ఫోను వచ్చింది. గుత్తిలో మా విత్తనాల సంఘం కంప్యూటర్లన్నీ చూసుకున్న మనిషి, నాకు పని నేర్పిన మనిషి. రిటైరై రెండేళ్లయింది. ఆయన్ని తలచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వొస్తుంది, ఏం చేయను!

రోజూ రైలు దిగి వచ్చి, ఆఫీసు గడపలో నిలబడి ఒక్కొక్కరినీ "ఉండావా?" అని కేకేసేవారు. ఎదురుగా కూర్చున్నా సరే, "ఉండా సార్" అనేదాకా లోపలికి అడుగు పెట్టేవారు కాదు. కొత్తలో నాకు ఒళ్లు మండేది.

"కనిపిస్తానే ఉండా కద సార్!" అన్నానోసారి.

"కనిపిస్తే సాలదమ్మా, పలకల్ల" అన్నారు.

రైతుల పేర్లు, ఎవరికెన్ని మూటలు, అన్నీ డేటాబేస్‌లోనే ఉండేవి. దాని సర్వర్ ఆగిందంటే కౌంటర్లో ఒక్క మూట కదలదు. అది నడుస్తోందో లేదో ఐదు నిమిషాలకోసారి చూసే చిన్న ప్రోగ్రాం నేనే రాశాను. నడుస్తుంటే తెరమీద పచ్చదీపం. అందరికీ గొప్పగా చూపించుకున్నాను కూడా.

తొలివాన పడిన మరునాడు విత్తనం శనక్కాయల కోసం రైతులు బారులు తీరారు. సారు రైలు ఆలస్యం. సరిగ్గా అప్పుడే కౌంటరు నిలిచిపోయింది. పచ్చదీపం చూపించి, సర్వర్ తప్పేం లేదని గంటసేపు వాదించాను. ఓ పెద్దాయన కిటికీలోకి తలపెట్టి, "ఏమ్మా, ఆడ చేన్లో పదును ఆరిపోతాండాది. నీ దీపం జూసుకుంటా ఈడ నిలబడల్లనా మేము?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేలలో ఆ తడి పోతే వాళ్లకు ఆ ఏడు పంటే లేదు.

సారు వచ్చి, నేను రాసింది చదివి పడీపడీ నవ్వారు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో సర్వర్ పేరుందేమో వెతకమని నా ప్రోగ్రాంకి చెప్పాను. ఆ వెతికే ఆదేశంలోనూ అదే పేరుంది కాబట్టి, అదీ జాబితాలోకి ఎక్కేది. సర్వర్ ఎప్పుడో పడిపోయింది. నా ప్రోగ్రాం తనను తానే చూసుకుని పచ్చదీపం వెలిగిస్తోంది!

"ఇంట్లో ఎవరన్నా ఉండారా అని నువ్వే అరిచి, నువ్వే పలికితివి గదమ్మా!" అంటూనే సర్వర్ని లేపారు. సాయంత్రానికి చివరి మూట కూడా బండెక్కింది. ఆరోజు ఆయన తిట్టి ఉంటే నేను ఈ పని మానేసేదాన్ని.

తర్వాత నా చేతే కొత్తది రాయించారు. ఇది పేరు వెతకదు. డేటాబేస్‌నే "ఉండావా?" అని అడుగుతుంది. లోపల ఆయన రాసిపెట్టిన ఒక్క మాట జవాబుగా రావాలి. రోజూ పదింటికి ఆ జవాబు మా అందరి ఫోన్లకూ వస్తుంది.

మొన్న వాళ్లింటి ముందు షామియానా కింద మా ఆఫీసువాళ్లం నలుగురం తలలు వంచుకుని కూర్చున్నాం. పది కాగానే నలుగురి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. సిగ్గుతో చచ్చిపోయాం.

"అందరికీ ఒకేసారి ఏమొచ్చిందమ్మా?" అని సారు భార్య అడిగింది.

ఫోను ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని చూసింది, తడికళ్లతోనే ఫక్కున నవ్వింది. తర్వాత అందరికీ వినపడేలా, అచ్చం ఆయనలాగే చదివింది:

"ఉండానప్పా!"